ఒంటిచేతి మోడ్

ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాక సింహాద్రి బస్సు అనంతగిరి ఘాట్ రోడ్డు నాలుగో మలుపులో లోయలోకి దొర్లిపోయింది. కంగారు పడకండి, అది ఫోన్లో ఆట. ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ గాజువాకలో ఓ అపార్ట్‌మెంటు కింద వాచ్‌మన్ గదిలో, మంచం మీద కూర్చున్న ఆ నలభై ఆరేళ్ళ మనిషికి చెమటకి చొక్కా తడిసిపోయింది. ఎడమచేతి బొటనవేలు ఇంకా అద్దం మీద బ్రేకు కోసం తడుముకుంటూనే ఉంది. బ్రేకు అక్కడ లేదు. నిన్నటిదాకా ఉంది.

ఆ ఆట పేరు 'ఘాట్ డ్రైవర్'. బెంగుళూరులో తురగ గేమ్స్ అనే కంపెనీ తయారు చేసింది. బస్సులు తోలే ఆటలు బోలెడున్నాయి గానీ, ఇందులో ఒంటిచేతి మోడ్ అని ఒక సదుపాయం ఉండేది. స్టీరింగు, గేరు, బ్రేకు, హారను అన్నీ స్క్రీనుకు ఒకే పక్కకి వచ్చేస్తాయి. ఒక్క బొటనవేలితో ఘాటంతా ఎక్కి దిగొచ్చు. 'ఒక్క చేత్తోనూ తోలండి' అని ఆట అమ్మే పేజీలో పెద్ద అక్షరాలతో వేసుకున్నారు కూడా. సింహాద్రి ఆ ఒక్క మాట చూసే కొన్నాడు. అతనికి కుడిచెయ్యి మోచేతి కింద నుంచి లేదు.

ఆ ఉదయం ఫోను తనంతట తానే ఆటను అప్‌డేట్ చేసుకుంది. 'మరింత మెరుగైన అనుభవం మీ కోసం' అని తెర మీద రాసి చూపించింది. ఏమిటయ్యా ఆ మెరుగు అంటే, బస్సుల రంగులు మారాయి, వాన పడితే అద్దం మీద చుక్కలు జారుతున్నాయి, ఒంటిచేతి మోడ్ ఎగిరిపోయింది. బ్రేకు వెళ్ళి కుడి మూలన కూర్చుంది. సింహాద్రి ఎడమచెయ్యి స్టీరింగు వదిలి అక్కడికి పోయేలోపు బస్సు లోయలో ఉంది.

ఎవరూ చూడకుండా పడినా ఇంత బాధ లేకపోను. ఆదివారం మూడింటికి పది బస్సులు వరస కట్టి ఘాట్ ఎక్కడం వాళ్ళకి అలవాటు. ముందు బస్సు ఎప్పుడూ సింహాద్రిదే. రెండోది శ్రీరామ్మూర్తిది, ఇదివరకు బస్సుల షెడ్డులో అతనితో పనిచేసిన డ్రైవరు. మిగతా ఎనిమిది మందీ ఏ ఊరివాళ్ళో ఎవరికీ తెలియదు, పేర్లూ గొంతులూ తప్ప. వాళ్ళకి సింహాద్రికి ఒక చెయ్యి లేదని కూడా తెలియదు. మలుపు దగ్గర అతను హారను కొడితేగాని కదిలేవారు కాదు, "గురూ" అని పిలిచేవారు. బయట ప్రపంచంలో అందరూ ముందు అతని మొండిచేతి వంక చూసి తర్వాత మొహం చూస్తారు. ఆ ఘాట్ రోడ్డు మీద ఒక్కచోటే అతను ఉత్త డ్రైవరు. ఆ రోజు గురువుగారి బస్సు లోయలో పడగానే ఫోన్లోంచి ఎవడో "ఏం గురూ, మందేసి ఎక్కావా?" అన్నాడు. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు.

శ్రీరామ్మూర్తి వెంటనే ఫోను చేశాడు. "ఏటైపోనాది బావా? నువ్వు పడిపోడమేటి?"

"బ్రేకు పీకేసినారు."

"ఎవులు?"

"కంపెనీవోలు. నాను కొనుక్కున్న బండికి రంగేసి, బ్రేకు పీకేసి, బాగుంది తోలుకో అంతన్నారు."

ఫోను పెట్టేసేసరికి స్క్రీను మీద ఒక ప్రశ్న వెలిగింది. 'ఈ అప్‌డేట్ ఎలా ఉంది?' కింద రెండు గళ్ళు. బాగుంది. బాగోలేదు. సింహాద్రి వేలు 'బాగుంది' మీద నొక్కింది. 'ఖచ్చితంగానా?' అని మళ్ళీ అడిగింది. దానికీ అవునని నొక్కాడు.

పళ్ళు పటపటా కొరుకుతూ ఎవరైనా బాగుందని నొక్కుతారా అని మీరు అడగొచ్చు. మన షెడ్డు డ్రైవర్లు నొక్కుతారు. సింహాద్రి అచ్యుతాపురం కంపెనీలకి ఆడవాళ్ళని తీసుకెళ్ళే బస్సు పదకొండేళ్ళు తోలాడు. బస్సులు ఒక కాంట్రాక్టరువి. సాయంత్రం బండి షెడ్డుకి చేర్చాక పుస్తకంలో రాయాలి, ఏ లోపం ఉందో. లోపం రాసినవాడి బండిని షెడ్డులో ఆపేస్తారు. ఆపేసిన బండి డ్రైవరు ఇంట్లో కూర్చోవాలి, కూర్చున్న రోజుకి జీతం లేదు, ఈలోగా ఆ రూటు ఇంకొకడికి పోతుంది. 'ఓకే' అని రాసినవాడికి రేపు కూడా బండి ఉంటుంది. అందుకని ఆ పుస్తకం ఏళ్ళ తరబడి తిరగేసినా ఒక్క జబ్బు బస్సు కనబడదు. టైర్లు అరిగిపోయినవి ఓకే, లైట్లు వెలగనివి ఓకే. దాన్ని వాళ్ళు 'ఓకే కొట్టడం' అనేవారు. బాగోలేదని నొక్కితే ఆటను కూడా షెడ్డులోకి లాగేస్తారేమోనని సింహాద్రి వేలు తనంతట తానే భయపడింది.

ఈ అలవాటుకి ఒక వెల ఉంది. నాలుగేళ్ళ క్రితం ఒక సాయంత్రం అతని బస్సు బ్రేకు పెడలు నేలకి దిగిపోతోంది. పుస్తకంలో ఓకే కొట్టి, సంతకం పెట్టి ఇంటికి వచ్చాడు. మర్నాడు పొద్దున్న పరవాడ రోడ్డులో ఒక ట్రైలరు లారీ ఆగి ఉంది. సింహాద్రి బ్రేకు తొక్కాడు. బస్సు ఆగలేదు. ముప్ఫై మంది ఆడవాళ్ళలో ఎవరి ప్రాణమూ పోలేదు. డ్రైవరు కుడిచెయ్యి పోయింది. ముందు సీట్లో కూర్చున్న రాణి అనే అమ్మాయి ఎడమకాలు నుజ్జయిపోయింది.

కాంట్రాక్టరు ఆసుపత్రికి పళ్ళు తేలేదు, పుస్తకం తెచ్చాడు. పేజీ తీసి చూపించాడు. "బ్రేకు బాగుందని రాసింది నువ్వే. కేసంటూ వెళితే మొదటి ముద్దాయివి నువ్వే అవుతావు" అన్నాడు. సింహాద్రి నోరు మూసుకున్నాడు. భార్య ధనలక్ష్మి వచ్చి "ఆడేటన్నాడు?" అని అడిగినప్పుడు, నొప్పిలోనో సిగ్గులోనో "పుస్తకం మార్చేసినారు" అన్నాడు. ఒక్క అబద్ధం. ఆ ఒక్కదాన్ని ధనలక్ష్మి నాలుగేళ్ళుగా జెండాలా మోస్తోంది. కాంట్రాక్టరు గేటు ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. బస్సులో తోటి ఆడవాళ్ళందరికీ చెప్పింది. రాణి అచ్యుతాపురం బట్టల కంపెనీలో ఆమె పక్క కుట్టుమిషన్ మీద పనిచేసిన పిల్ల. ప్రతి ఆదివారం ఆ పిల్ల ఇంటికి చేపల పులుసు గిన్నె పట్టుకెళ్ళి, "నా మొగుడు నాయమైనోడే, ఆ దొంగనాకొడుకు పుస్తకం మార్చీసినాడు" అని ప్రమాణం చేసి మరీ వస్తుంది. ఈ మాట విన్నప్పుడల్లా సింహాద్రి ఫోను తీసుకుని ఘాట్ ఎక్కేసేవాడు.

ఇప్పుడు ఘాట్ కూడా పోయింది.

కస్టమర్ కేర్‌కి రాశాడు. రాయడమంటే ఫోనుకి చెప్పి టైపు చేయించడమే. 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని మూడుసార్లు మరమనిషి జవాబు వచ్చింది. నాలుగోసారి అతను బూతు తిట్టాడు. అప్పుడు శ్రీసత్య అనే అసలు మనిషి వచ్చింది. ఆమె ఎంతో మర్యాదగా రాసింది: "సర్, ప్రస్తుతానికి మీ ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని బ్రేకు నొక్కించుకోవచ్చు. మా ఆట మీకు ఆనందాన్ని పంచాలని కోరుకుంటున్నాం."

ధనలక్ష్మికి ఆ ఆటంటే పరమ అసహ్యం. ఆ ఫోను ఎప్పుడు పగులుతుందా అని చూస్తుండేది. కానీ ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి ఈ జవాబు చదవగానే ఒంటికాలి మీద లేచింది.

"నాను పక్కన కూకొని బ్రేకు నొక్కాలా? ఆలు అమ్మినప్పుడు ఒక్క సేత్తో తోలొచ్చని సెప్పి, నీ కాడ డబ్బులు తీసుకొని, ఇప్పుడు పెళ్ళాన్ని తెచ్చుకో అంతారా? ఆ షెడ్డోణ్ణి ఒగ్గీసినావు. ఈలని ఒగ్గకు మావా."

"ఆటే గదా..."

"ఆటైతే ఏటి? నీ సెయ్యి పోనప్పుడు నువ్వు నోరెత్తనేదు. ఒక్కసారైనా ఎవుడైనా నీకు జవాబు సెప్పాల. నాను సూడాల."

సింహాద్రి కాపలా కాసే అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో హిమబిందు అనే జూనియర్ లాయరు ఉంటుంది. నల్లకోటు సంచిలో కుక్కుకుని స్కూటీ మీద పొద్దున్నే పోతుంది. సింహాద్రి గేటు తీస్తూ సంగతి చెప్పాడు. ఆమె స్కూటీ ఆపి మొత్తం విని, "ఇది వినియోగదారుల కేసు సింహాద్రి గారూ. కంపెనీ బెంగుళూరులో ఉన్నా మీరుండే ఊళ్ళోనే వేసుకోవచ్చు. లాయరు కూడా అక్కర్లేదు, కావాలంటే నేను వస్తాను" అంది. అమ్మకం పేజీలో 'ఒక్క చేత్తోనూ తోలండి' అన్న ఫోటో, అతను కొన్నప్పటి రసీదు, లోయలో పడ్డ బస్సు వీడియో, శ్రీసత్య రాసిన జవాబు, అన్నీ తీయించింది.

ఫిర్యాదు రాసి చదివి వినిపించింది. "అభాగ్యుడైన, అంగవైకల్యంతో బాధపడుతున్న..." దగ్గర సింహాద్రి ఆపేశాడు.

"అది కొట్టీ అమ్మా."

"జాలి పనిచేస్తుందండీ వినియోగదారుల కమిషన్లో."

"నాను అడుక్కోడానికి ఎల్లట్నేదు. సైకిల్ కొన్నాననుకో. కొట్టువోడు మనింటికొచ్చి, మనకి సెప్పకుండా హ్యాండిల్ ఊడదీసుకు పోనాడు. నా కాలు కుంటిదా మంచిదా ఎందుకు ఆడికి? హ్యాండిల్ తెచ్చి బిగించమను."

హిమబిందు అతని మొహం చూసి, అభాగ్యుణ్ణి కొట్టేసి, సైకిల్ హ్యాండిల్ రాసుకుంది.

కంపెనీ ముందు ఆట డబ్బు వెనక్కిస్తాం, కేసు తీసేసుకోమంది. సింహాద్రి ఆ కాగితం పూర్తిగా చదవనివ్వలేదు. "డబ్బులెవుడడిగాడు? నాకు బ్రేకు కావాల" అన్నాడు. తర్వాత వాళ్ళ అసలు జవాబు వచ్చింది, పాతిక పేజీలు. మేము ఆటను అమ్మలేదు, ఆడుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చాం. సదుపాయాలు ఎప్పుడైనా మార్చే హక్కు మాకుంది. ఒంటిచేతి మోడ్ వాడేవాళ్ళు చాలా తక్కువ. అంతా అయ్యాక చివరి పేజీలో ఒక ముక్క ఉంది. ఫిర్యాదుదారు అప్‌డేట్ వచ్చిన రోజే, మూడు గంటల పద్దెనిమిది నిమిషాలకు, 'బాగుంది' అని నొక్కి, ఖచ్చితంగానేనని మళ్ళీ ఒప్పుకున్నాడు.

హిమబిందు ఆ పేజీ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. "ఇది మీరేనా?"

"నానే."

"ఎందుకు నొక్కారు?"

వేలు జారిందని చెప్పొచ్చా అని సింహాద్రి అడిగాడు. ఒకసారి జారితే నమ్ముతారు, రెండుసార్లు జారదని ఆమె అంది. "మిగతావాటికి నా దగ్గర జవాబులున్నాయి. దీనికి మాత్రం మీరే చెప్పాలి. చెప్పకపోతే కేసు పోతుంది." చివరికి షెడ్డులో ఓకే కొట్టడం గురించి అతను చెప్పాడు. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని "ఇంతకంటే మంచి జవాబు ఏముంటుంది! ఇదే చెప్పండి" అంది. తర్వాత ఆమె మొహం మెల్లగా మారింది. అతని మొండిచేతి వైపు చూసి, "అయితే ఆ రోజు కూడా..." అని ఆగింది. సింహాద్రి గేటు వేసేశాడు.

అదీ ఇరకాటం. నోరు విప్పితే బస్సు వస్తుంది, ధనలక్ష్మి దగ్గర నాలుగేళ్ళుగా కాపాడుకున్నది పోతుంది. విప్పకపోతే అది నిలుస్తుంది, బస్సు పోతుంది. శ్రీరామ్మూర్తితో అంటే అతను తేలిగ్గా తీసేశాడు. "ఒగ్గీ బావా. ఆట కోసం కాపురం తగలెట్టుకుంతావా? ఇంకో ఆటేదైనా సూసుకుందాం." వెతికారు. ఒంటిచేత్తో తోలేది ఇంకోటి దొరకలేదు. రెండు ఆదివారాలు వరసలో ముందు బస్సు శ్రీరామ్మూర్తిదే అయింది. సింహాద్రి అతని భుజం మీదుగా చూస్తూ, మలుపు మలుపుకీ "బ్రేకు, బ్రేకు" అంటూ కూర్చున్నాడు. మూడో ఆదివారం వెళ్ళలేదు.

వాయిదా రోజు ధనలక్ష్మిని రావద్దన్నాడు. ఆమె వినలేదు. సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టి, కమిషన్ హాల్లో వెనక బెంచీ మీద నిటారుగా కూర్చుంది. పెళ్ళికి వచ్చినట్టు ఉంది ఆమె మొహం.

కంపెనీ తరపు లాయరు భీమశంకరరావు. ఎప్పుడో పోర్టు ఉద్యోగానికి గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. గొంతులో వెన్న. ఎదుటి మనిషిని పొడిచేటప్పుడు కూడా అండీ అనడం మానడు.

"సింహాద్రి గారూ, తమరు పదకొండేళ్ళు డ్రైవింగు చేశారండీ. చదవడం, రాయడం వచ్చునండీ. 'బాగుంది' అన్న మాటకి అర్థం తమరికి తెలుసా అండీ?"

"తెలుసు."

"మరి ఆ రోజు అది నొక్కింది తమరేనా, మరెవరైనానా అండీ?"

"నానే."

"బెదిరించి నొక్కించామాండీ మేము?" అని హాలంతా చూసి నవ్వాడు. "అయ్యా, అమ్మా, వస్తువు బాగుందని రాసిచ్చిన మనిషి బాగోలేదని కేసు వేస్తే, ఇక వ్యాపారం ఎవరు చేస్తారండీ?"

ఆ నవ్వు సింహాద్రి ఎరుగును. పుస్తకం మంచం మీద తెరిచి పెట్టి కాంట్రాక్టరు నవ్విన నవ్వు అచ్చం అలాగే ఉంటుంది. నీ సంతకమే నీ నోరు మూస్తుందన్న ధీమా. అతనికి ఒళ్ళు మండిపోయింది. వెనక బెంచీ వైపు ఒకసారి చూశాడు. ధనలక్ష్మి 'చెప్పు' అన్నట్టు తల ఊపింది. ఏం చెప్పమంటోందో ఆమెకే తెలియదు పాపం.

"మా షెడ్డులో బాగోనేదని రాస్తే బండి లాగేసుకుంతారండి," అన్నాడు సింహాద్రి. "రేపు బండి కావాలంటే ఈ రోజు ఓకే కొట్టాల. అందరం అలాగే కొడతాం. ఆట కూడా లాగేత్తారేమోనని కొట్టినాను. అది మెచ్చుకోలు కాదు. భయం."

భీమశంకరరావు అందులోంచే దారి వెతుక్కున్నాడు. "అంటే లోపం ఉన్నా లేదని రాయడం తమకి అలవాటేనన్నమాటండీ. మరి తమరి ఏ మాట నమ్మాలండీ ఈ కమిషన్?"

మధ్య కుర్చీలో కూర్చున్న అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుంది. "ఈ అలవాటు వల్ల మీకు ఎప్పుడైనా నష్టం జరిగిందా?" అని అడిగింది. ఆమె అడిగింది మామూలుగానే.

సింహాద్రి కుడి మొండిచెయ్యి పైకెత్తాడు.

"ఇదేనండి. ముందురోజు బ్రేకు నేలకి దిగిపోతంది. నాకు తెలుసు. ఓకే కొట్టినాను. పుస్తకం ఎవులూ మార్చనేదు. సంతకం నాదే. అప్పుడు ఓకే కొట్టినందుకు సెయ్యి పోనాది, ఒక ఆడపిల్ల కాలు పోనాది. ఇప్పుడు కొట్టినందుకు నా బస్సు కూడా ఉంచుకుంతాం అంటే నాను ఊరుకోను."

వెనక బెంచీ కిర్రుమంది. అతను తిరిగి చూసేసరికి ధనలక్ష్మి గుమ్మం దాటిపోతోంది.

కేసు విన్నారు, తీర్పు తర్వాత చెబుతామన్నారు. బయటికొస్తూ హిమబిందు "అద్భుతంగా చెప్పారు" అంది. సింహాద్రి ఆమె మొహం మీదే "నోర్ముయ్యమ్మా" అన్నాడు. ధనలక్ష్మి షేర్ ఆటో ఎక్కి ఒక్కతే గాజువాక వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె వండింది, కంచం పెట్టింది, పొద్దున్నే డ్యూటీకి పోయింది. మాట్లాడలేదు. తిడుతుందని అతను కాచుకుని ఉన్నాడు, తిట్టినా బాగుండేది. ఆదివారాలు చేపల పులుసు వండటం మానేసింది.

నలభై రోజులకు తీర్పు వచ్చింది. కొనేటప్పుడు ఆశ చూపిన సదుపాయాన్ని కొన్నాక ఊడబీకడం తప్పు, భయంతో నొక్కిన 'బాగుంది' ఒప్పుదల కాదు, ఒంటిచేతి మోడ్ మళ్ళీ పెట్టండి అని కమిషన్ చెప్పింది. ఖర్చులు కూడా ఇమ్మంది. కంపెనీ పై మెట్టుకి పోతామని గింజుకుంది గానీ, ఈలోగా ఊళ్ళో పేపర్లు రాసేసరికి పరువు చూసుకుని మోడ్ పెట్టేసింది. బ్రేకు మళ్ళీ ఎడమ పక్కకి వచ్చింది. సింహాద్రి ఒక్కడే ఒకసారి ఘాటంతా ఎక్కి దిగి చూసుకున్నాడు. వేలు ఏదీ మరచిపోలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సంతోషమే, దాచుకోవలసిన పని లేదు.

ధనలక్ష్మి డ్యూటీ నుంచి రాగానే ఆగలేక చెప్పేశాడు. "గెలిసినాం."

ఆమె చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది. ఆ వాయిదా తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"నువ్వు గెలిసినావు. నన్ను కలపకు," అంది. "నాలుగేళ్ళు నీ పక్కన పడుకున్నాను. సెయ్యి లేని కాడ నొప్పెడతంది అంటే తెల్లార్లూ నూని రాసినాను. నాకు సెప్పనేదు. రాణికి సెప్పనేదు. ఆ నల్లకోటోడు నవ్వితే సెప్పినావు. ఒక ఆట కోసం సెప్పినావు మావా. నాకోసం సెప్పనేదు."

"బయపడినాను."

"ఆట పోద్దని బయపడినావు. నాను పోతానని ఎప్పుడూ బయపడనేదు. నాను ఉంతాననే నీ దైర్యం." ఆమె గొంతు పెంచలేదు. "ఆ కాంట్రాక్టరు పిల్లల్ని కూడా తిట్టినాను నాను, గేటు కాడ. నీ అబద్ధం నా నోట్లో పెట్టి తిట్టించినావు. ఆ పిల్ల ఇంటికెల్లి ఎన్ని ఒట్లు పెట్టినాను! నిన్న ఎల్లి సెప్పీసినాను దానికి. నువ్వొచ్చి నీ నోటితో సెప్పాలంట. ఆదివారం మూడింటికి ఇంట్లో ఉంతానంది."

మూడింటికి ఘాట్. శ్రీరామ్మూర్తి అందరికీ కబురు పెట్టేశాడు, గురువు వస్తున్నాడని, ముందు బస్సు ఖాళీగా ఉంచండని. సింహాద్రి ఆ మాట పైకి అనలేదు. కానీ అతని కళ్ళు ఫోను వైపు వెళ్ళాయి, ధనలక్ష్మి చూసింది.

అతను వెళ్ళాడు. ఈమాత్రం ఒప్పుకోవాలి. ఫోను ఇంట్లో పడేసి, చొక్కా మార్చుకుని, రెండు వీధులు అవతల రాణి ఉండే రేకుల ఇంటికి ఒక్కడే వెళ్ళాడు. ధనలక్ష్మి తోడు రానంది. గుమ్మంలో నిలబడి, దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా చెప్పాడు. పెడలు సంగతి, పుస్తకం సంగతి, ఆసుపత్రిలో ఆడిన అబద్ధం సంగతి. రాణి గోడ పట్టుకుని నిలబడి ఆసాంతం విన్నది. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయేమో ఆ పిల్లకి. ఎడమకాలు నేలకి ఆనదు. కూర్చోమనలేదు, మంచినీళ్ళివ్వలేదు.

"సెమించమని అడగడానికి నాకు మొహం నేదమ్మా," అన్నాడు సింహాద్రి.

"అడక్కు అన్నయ్యా," అంది రాణి. "కేసు గెలిసినావంట గదా. నీ బస్సు నీకిచ్చీసినారంట."

సింహాద్రి అవునని తల ఊపాడు.

"నా కాలు ఎక్కడ అడగాలో ఆ లాయరమ్మని కనుక్కొని సెప్పు," అని ఆ పిల్ల గోడ పట్టుకుని వెనక్కి తిరిగి, తలుపు వేసుకుంది.